ఖాళీ సరుకు

పార్సిలు మీద ఎర్ర సిరాతో, వీధిన పోయేవాళ్లు కూడా చదువుకోగలిగేంత లావు అక్షరాలతో రాసి ఉంది: "ఖాళీ సరుకు. వాపసు. ఇది రెండోసారి. మూడోసారి కూడా ఇంతే అయితే పదిహేడో నంబరు కొట్టివేత. ఇట్లు, పద్దెనిమిది."

అత్తగారు దాన్ని గేటు దగ్గరే చదివేసింది. చదవడంలో ఆవిడకో నియమం ఉంది. అతికించిన కవరు ఎంత ఊరించినా విప్పదు, వెలుతురుకి పట్టి చూడదు. అతికించనిదీ, పైన రాసిందీ మాత్రం లోకానికంతటికీ చెందుతుందని ఆవిడ ఉద్దేశం. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్లు ఊరందరి మాటలూ కలుపుతూ, కలిపినవి వింటూ రిటైరైన మనిషి. ఆ మాత్రం నిగ్రహం మిగలడమే గొప్ప.

"అమ్మాయ్, నీ సరుకు వెనక్కొచ్చింది. ఖాళీట" అంది వంటింటి గుమ్మంలో నిలబడి. "ఖాళీది పంపడానికి స్టాంపులు దేనికే? పంపకుండా ఊరుకుంటే అదీ ఖాళీయేగా."

కోడలు చేతులు తుడుచుకుని పార్సిలు అందుకుంది. తను చుట్టిన కాగితాన్నే తిరగేసి చుట్టాడు పద్దెనిమిది. లోపల తన టేపు, తను రాసిన పాటల జాబితా, అన్నీ భద్రంగా ఉన్నాయి. పాటలే లేవట.

సంగతేమిటంటే, ఒకరి మొహం ఒకరు ఎరగని నలభై మంది నెలకో టేపు తయారుచేసి పంపుకుంటారు. ఒకటో నంబరు రెండుకి, రెండు మూడుకి, అలా వెళ్లి నలభై మళ్లీ ఒకటికి. అటు అరగంట, ఇటు అరగంట. ఏ పాటలు, ఏ వరసలో అన్నది పంపేవాళ్ల ఇష్టం. పేర్లు రాసుకోకూడదు, యోగక్షేమాలు అడక్కూడదు. అందుకున్నవాళ్లు పదికి ఎన్ని మార్కులో, ఎందుకో ఒక కార్డు ముక్క మీద రాస్తారు. నెలలో ముందు చేరిన టేపుకే మార్కులు. టేపు తిరిగి ఇవ్వక్కర్లేదు. వరసగా మూడు సున్నాలొస్తే నంబరు ఇంకొకరికి పోతుంది. ఆ ఇంకొకరు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటారు.

ఆమె పదిహేడు. పద్దెనిమిది మగవాడేననీ, తిన్నది అరగని మనిషనీ రాతను బట్టి ఆమె అంచనా. ఎప్పుడూ నాలుగు దాటి వెయ్యలేదు. "మూడో పాట ఇక్కడెందుకుందో పాడినామెకైనా తెలుసా" అని ఒకసారి రాశాడు. ఆమెకు కోపం రాలేదు. ఇంట్లో పడే మాటలకి కారణం తనే వెతుక్కోవాలి. పద్దెనిమిది తిడితే పాట నంబరుతో సహా తిడతాడు.

నంబరు పోతే పద్దెనిమిది పోతాడు, పోనీ. పదహారు కూడా పోతుంది. పదహారు పంపే టేపు నెల మొదట్లో వస్తుంది. ఆ మనిషెవరో, ఏ గదిలో కూర్చుని రికార్డు చేస్తారో గానీ, ఒక పాట చివరి మాటకీ తర్వాతి పాట మొదటి తీగకీ మధ్య సరిగ్గా ఒక్క ఊపిరంత జాగా వదులుతారు. ఆ జాగాలో ఎవరూ ఆమెను ఏదీ తెమ్మని అడగరు. గిన్నెలు తోముతూ నెలంతా ఆమె ఎదురుచూసేది దానికోసమే.

సాయంత్రం భర్త వచ్చి, వేళ్లకంటిన వార్నిష్‌ని కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటూ బల్ల మీద పార్సిలు చూశాడు. ఆయనది మోటార్ల వైండింగ్ షాపు. కాలిపోయిన మోటార్లో పాత రాగితీగ పీకేసి కొత్తది చుట్టే పని. తీగ ఎక్కడ పాడైందో చెప్పగలిగినవాడు కాబట్టి లోకంలో ఏది ఎక్కడ పాడైందో కూడా చెప్పగలనని ఆయన ధీమా.

"మళ్లీ ఖాళీయేనా? ఎర్ర బటనూ పక్కదీ కలిపి నొక్కావా?"

"నొక్కాను."

"కలిపి?"

"ఆరేళ్లుగా కలిపే నొక్కుతున్నాను."

"నొక్కాననుకోవడం వేరు, నొక్కడం వేరు."

"పోనీ ఆ ఖాళీనే వినమనరాదూ వాళ్లని" అంది అత్తగారు పడక్కుర్చీలోంచి. "మా ఎక్స్ఛేంజీలో అన్నిటికంటే మంచి లైను మాట్లాడనివాళ్లదే."

ఆయన నవ్వలేదు. ఎర్ర అక్షరాల్లో ఆఖరి ముక్క ఇంకోసారి చదివాడు. "కొట్టివేతా? అంత కచ్చితమా వీళ్లు?"

"అంతే."

పార్సిలు బోర్లా పెట్టి, "ఈ నెలది అయిందా? ఇస్తే రేపు పోస్టులో వేస్తాను" అన్నాడు.

"కాలేదు. ఎల్లుండి ఇస్తాను."

అయింది. సోమవారమే అయింది. అయిదు రోజులు కూర్చుని చేసిన టేపు, మొదటి నుంచి చివరిదాకా విని మరీ బియ్యం డబ్బా వెనక పెట్టింది. ఎందుకు అబద్ధమాడిందో అప్పటికి ఆమెకే తెలియదు.

మర్నాడు ఆయన వెళ్లాక వాపసొచ్చిన టేపు పెట్టి చెవి ఆనించి వింది. పాటలు లేవు, నిజమే. కానీ కొత్త టేపు ఇలా ఉండదు. కొత్త టేపు సన్నగా సుయ్యిమంటుంది, అంతే. ఇందులో అడుగున ఏదో లయ తప్పకుండా పొంగుతూ తగ్గుతూ ఉంది, ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు. ఇది ఎక్కని టేపు కాదు. ఎక్కినవి దింపేసిన టేపు.

పదకొండింటికి షాపుకి వెళ్లింది. మోటారు గాడుల్లో తీగ కింద పరిచే దళసరి కాగితాన్ని కొలిచి కత్తిరించడం ఇంట్లో ఆమె పని. వారానికోసారి కట్టలు కట్టి తీసుకెళ్తుంది. ఆయన లేడు, ఎవరి బావి మోటారో చూడ్డానికి వెళ్లాడు. ముసలి మేస్త్రీ ఒక్కడే కూర్చుని, ఒళ్లో చిన్న ఆర్మేచర్, మోటారు లోపల తిరిగే గుండు, పెట్టుకుని తీగ చుడుతున్నాడు. చుట్లు లెక్కపెడుతున్నవాణ్ణి పలకరించకూడదు. మేస్త్రీ పెదవులు ఆగేదాకా ఆమె ఆగింది.

"కాగితాలు అక్కడ పెట్టండమ్మా. పార్సిలు తేలేదా ఈ నెల?"

"రేపిస్తాను. మీకెందుకు?"

"నాకేముంది, పోస్టుకి వెళ్లేముందు దీని మీద ఓ నిమిషం పెట్టాలి కదా అని." మేస్త్రీ గడ్డంతో చూపించాడు.

బల్ల చివర గ్రౌలర్ ఉంది. రెండు చెంపలున్న ఇనపదిమ్మ, లోపల తీగచుట్ట. పైన ఆర్మేచర్ పెట్టి స్విచ్ వేస్తే గుర్రుమంటుంది. చుట్టులో లోపముంటే పైన పట్టుకున్న రంపం బ్లేడు టకటకలాడి చెప్పేస్తుంది. షాపులో ఎవరు దాని దగ్గరికి వెళ్లినా ముందు చేతి గడియారం విప్పాలి. లేకపోతే దాని అయస్కాంతానికి ముళ్లు అక్కడే ఆగిపోతాయి.

"పార్సిలు దీని మీదా?"

"పోయిన నెలా పెట్టాడు, అంతకుముందు నెలా పెట్టాడు. ఎందుకయ్యా అంటే కట్టు బిగుస్తుందన్నాడు మీ ఆయన." మేస్త్రీ తీగ కొస పళ్లతో పట్టుకుని వదిలాడు. "కాగితం కట్టు కరెంటుకి ఎట్లా బిగుస్తుందో నా బుర్రకి ఎక్కలేదు. ఓనరు బిగుస్తుందన్నాక బిగుస్తుంది, మనకెందుకు."

"పెట్టినప్పుడు ఆయన గడియారం విప్పారా?"

"విప్పకపోతే ఇంకేమన్నా ఉందా? విప్పి అదిగో, ఆ మేకుకి తగిలించాడు."

మేకు గ్రౌలర్‌కి చాలా దూరాన, గోడకి నిక్షేపంగా ఉంది. ఆమె దాన్ని కాసేపు చూసింది. గడియారం జాగ్రత్త పడిందన్నమాట, అయస్కాంతం చెరిపింది టేపునే.

ఇంటికొచ్చి బియ్యం డబ్బా వెనకనుంచి టేపు తీసి, చుట్టి, అతికించి, తనే పోస్టాఫీసుకి వెళ్లింది. కౌంటరు గుమస్తా పార్సిలు ఊపి చూశాడు.

"ఏముంది ఇందులో?"

"పాటలు."

"పగిలేవా?"

"ఇంట్లో ఉంచితే పగిలేవి" అంది. గుమస్తా ముద్ర కాస్త గట్టిగానే కొట్టాడు.

ఇక మిగిలింది ఆయనకిస్తానన్న పార్సిలు. ఇవ్వకపోతే అనుమానం వస్తుంది. ఇవ్వడానికి వాపసొచ్చిన ఖాళీ టేపు ఇంట్లోనే ఉంది. నిజం చెప్పాలంటే, ఆమెకు దాన్ని వాడాలని లేదు.

బీరువా పై అరలో ఆయన టేపు ఉంది. పెళ్లికి ముందు ఒక స్నేహితుడి గదిలో రికార్డు చేసుకున్నది. పదకొండు పాటలు, పదకొండూ ఈలతో. వాద్యాల్లేవు, మాటల్లేవు, ఆయన పెదవులే. ఇంటికి కొత్తగా ఎవరు వచ్చినా అది పెడతాడు. టీ చల్లారిపోతున్నా తాగకుండా అందరూ తలలూపాలి. మూడో పాటకి బస్సు వేళ గుర్తొచ్చిన చుట్టాలున్నారు. అలాంటిది ఇంకోటి చేసుకోవడానికి ఇప్పుడు వీల్లేదు. రెండేళ్ల కిందట మోటారు విప్పుతుంటే పానా జారి పైపళ్లు రెండు పోయాయి. పెట్టుడు పళ్ల సందున గాలి వస్తుంది, ఈల రాదు.

ఆమె టేపు పెట్టెలోంచి తీసి, ఖాళీ పెట్టెను ఎక్కడిదక్కడే ఉంచింది. చుట్టేటప్పుడు మూల మడతలు గోటితో గీసి మరీ తీర్చింది. పైన పద్దెనిమిది చిరునామా రాసింది.

గురువారం పొద్దున్న ఆయన దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పాడు. "గట్టిగానే కట్టావే."

"ఇంకా బిగించాల్సిన పని ఉండకూడదని."

ఆయన ఒక్క క్షణం ఆమె వైపు చూసి, పార్సిలు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. ఆ పూట ఆమె గిన్నెలు మామూలు కంటే తొందరగా తోమేసింది.

ఆదివారం పంపుల డీలరు ఇంటికొచ్చాడు. కాలిపోయిన పంపులన్నీ ఇక మీదట ఈ షాపుకే పంపుదామా అని ఆలోచిస్తున్న మనిషి. కాబట్టి కూర్చోబెట్టడం, ఫ్యాను ఆయన వైపు తిప్పడం, అన్నీ లాంఛనంగా జరిగాయి. మాటల మధ్యలో డీలరే అన్నాడు, "మీ మేస్త్రీ చెప్పాడు, ఈల వెయ్యడంలో మీరు గట్టివారట."

"అబ్బే, అదంతా పాతమాట" అంటూనే ఆయన లేచి బీరువా దగ్గరికి నడిచాడు.

ఆమె టీ కప్పులతో వస్తూ ఆయన వీపు చూసింది. పెట్టె తెరుచుకుంది. పక్క పెట్టె తెరుచుకుంది. ఇంకోటి తెరుచుకుంది.

"ఏమోయ్, నా టేపేది?"

"ఏ టేపు?"

"ఏ టేపేమిటి, ఈల టేపు."

"అదా." కప్పు డీలరు ముందు పెట్టి, పంచదార సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందని డీలరు అన్నాక అప్పుడు చెప్పింది. "మీరే పోస్టులో వేశారుగా."

"నేనా? ఎప్పుడు?"

"గురువారం. గట్టిగా కట్టావే అని కూడా అన్నారు."

పడక్కుర్చీలో అత్తగారు కళ్లజోడు సవరించుకుంది.

ఆమె ఈ నిమిషం కోసం మూడు రోజులుగా కాచుకుని ఉంది. ఆయన మొహం పాలిపోతుందనీ, కనీసం పెట్టె చేతిలోంచి జారుతుందనీ లెక్క వేసుకుంది. ఆయన పెట్టె మూత వేసి, ఉన్నచోటే పెట్టి, వచ్చి కూర్చున్నాడు.

"లేదండీ" అన్నాడు డీలరుతో. "అది ఊరెళ్లింది."

డీలరు మర్యాదకి నవ్వాడు. ఆయన టీ చివరిదాకా తాగాడు. అది ఆమెకు మింగుడుపడలేదు. తన ఈలను తనే చెరిపేసుకున్న మనిషి టీ అలా తాగడు.

డీలరును గేటుదాకా సాగనంపి వచ్చి, చెప్పులు విడుస్తూ అడిగాడు. "మేస్త్రీ చెప్పాడా?"

"చెప్పాడు. కట్టు బిగుస్తుందట."

"రెండుసార్లు పెట్టాను. ఈసారి పెట్టలేదు."

"గడియారం విప్పి పెట్టలేదా, విప్పకుండానా?"

"అసలు పెట్టలేదంటున్నాను. నంబరే కొట్టేస్తారని నాకేం తెలుసు? విసుగొచ్చి నువ్వే మానేస్తావనుకున్నాను."

"నీ పెళ్లాం దేనికి విసుగొచ్చి మానేసిందిరా ఇప్పటిదాకా" అంది అత్తగారు. ఎవరి పక్షాన అన్నదో ఇద్దరికీ తెలియలేదు.

"పదకొండేళ్లు. నా టేపు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, పెట్టండి వింటానని అడిగావా? వాడెవడో పద్దెనిమిదిగాడికి మాత్రం అయిదు రోజులు కూర్చుని ఏరతావు."

"అడిగే వ్యవధి మీరెప్పుడిచ్చారు? అడక్కముందే పెడతారుగా."

ఆయన చెప్పులు గోడవారకి నెట్టాడు. "ఈసారి పెట్టలేదంటే నమ్మవా?"

"నమ్మను. కార్డొస్తే తెలుస్తుంది."

"రానీ."

ఆ తర్వాత మూడు రోజులు ఇంట్లో మాటలన్నీ అత్తగారి మీదుగా నడిచాయి. ఆయనకి నీళ్లు కాగాయని చెప్పండి. దాన్ని కట్టలు ఎన్ని అయ్యాయో అడుగు. "నేను రిటైరయ్యాననుకున్నాను" అంది ఆవిడ, అయినా ఒక్క మాట తేడా రాకుండా అందించింది. పోస్టుమాన్ వచ్చే వేళకి ఆయనకి షాపుకి బయల్దేరడానికి ఏదో ఒకటి అడ్డొచ్చేది. ఓ రోజు బూటు లేసు, ఓ రోజు గొడుగు. ఆమెకు అదే వేళకి గేటు పక్క తీగమీద బట్టలు ఆరాయో లేదో చూడాల్సి వచ్చేది. ఇన్నేళ్లలో ఇద్దరూ కలిసి ఒక మనిషి కోసం ఎదురుచూడటం అదే మొదలు.

బుధవారం మాత్రం పోస్టుమాన్ ఆలస్యంగా వచ్చాడు. ఆయన వెళ్లిపోయాడు. ఆమె స్నానాల గదిలో ఉంది. బయటికొచ్చేసరికి అత్తగారు కార్డు చదవడం అయిపోయి, దాన్ని పడక్కుర్చీ చేతి మీద పెట్టుకుని గోడకేసి చూస్తోంది. ఒక్క వ్యాఖ్యానం చెయ్యలేదు. అదే వింత.

కార్డు ఇలా ఉంది.

"పదిహేడుకి. ఈ నెల రెండు టేపులొచ్చాయి. ముందొచ్చిన దానికి నాలుగు. మీకు ఏరడం తెలుసు, ఆపడం తెలియదు. రెండో వైపంతా ఒకటే ఏడుపు. రెండో టేపు ఎవరిదో ఈల. నియమం ప్రకారం దానికి మార్కుల్లేవు. ఉంటే ఏడు. అయిదో పాటలో ఊపిరి అందక కూడా ఆపలేదు, అక్కడ బాగుంది. మూడుసార్లు విన్నాను. వాపసు అడగొద్దు, ఇవ్వను. ఇతని ఈలే ఇంకో టేపు ఉంటే పంపండి. పది వేస్తాను. పద్దెనిమిది."

ఆమె నిలబడే రెండుసార్లు చదివింది. నాలుగు. నంబరు దక్కింది. వచ్చే నెల మొదట్లో పదహారు టేపు వస్తుంది. దానికి సంతోషించడానికి ప్రయత్నించింది గానీ, కళ్లు కింది వాక్యాల దగ్గరికే పోతున్నాయి. ఆయన చెప్పింది నిజం. గురువారం ఆ పార్సిలు గ్రౌలర్ ఎక్కలేదు. ఆయన తిన్నగా ఉన్న ఒక్క రోజునే ఏరికోరి తను వంకరపోయింది. పదకొండేళ్ల ఈల ఇప్పుడు మూడుసార్లు విన్నవాడి దగ్గరుంది, తిరిగి రాదు.

అయిదో పాట ఏదో గుర్తుతెచ్చుకోబోయింది. గుర్తు రాలేదు. ఎన్నిసార్లు విన్నదో లెక్కే లేదు, ఆ పాటప్పుడు ఊపిరి అందదన్న సంగతే తెలియదు.

చీర మార్చుకుని షాపుకి వెళ్లింది. ఆయన వార్నిష్ తొట్టి దగ్గర ఉన్నాడు. చుట్టిన మోటారు గుండును కొక్కేనికి తగిలించి ముంచి, పైకి లాగి, కారనిస్తున్నాడు. మోచేతులదాకా తేనెరంగు తడి. మేస్త్రీ ఆమెను చూసి, వీళ్లిద్దరి మధ్య ఏముందో తెలియకపోయినా ఏదో ఉందని తెలిసి, టీ తాగొస్తానని వెళ్లిపోయాడు.

"కార్డొచ్చింది."

ఆయన చేతులు చూపించాడు. "చదువు."

ఆమె చదివింది. నాలుగు అన్న దగ్గర గొంతు తగ్గించలేదు. ఏడుపు అన్న మాట కూడా మింగలేదు. ఈల, ఏడు, అయిదో పాట, మూడుసార్లు, వాపసు ఇవ్వను. అక్కడ ఆగింది.

గుండు కొస నుంచి వార్నిష్ బొట్లు బొట్లుగా తొట్టిలో పడుతున్నాయి.

"అంతేనా?"

"అంతే. కింద నంబరు."

ఆయన గుండును మెల్లిగా తిప్పాడు, ఒకవైపే కారిపోకుండా. "ఏడా?" అన్నాడు.

"ఉంటే ఏడు. మార్కుల్లేవు."

"నీకు నాలుగు."

"నాకు నాలుగు."

"అయిదో పాట అంటున్నాడు. అది రికార్డు చేసిన రోజు నాకు జలుబు." మళ్లీ తిప్పాడు. "వాడికి తెలిసిపోయింది చూశావా." ఆ మాట ఆమెతో అన్నట్టు లేదు, తొట్టితో అన్నట్టుంది. కొక్కేన్ని సవరిస్తూ, "నేను పెట్టలేదని చెప్పాను" అన్నాడు.

"చెప్పారు."

"ఊఁ."

క్షమించమని ఆయన అడగలేదు. ఆమె కూడా అడగలేదు. అడిగితే ఎవరు ముందు అడగాలన్న దాని మీద ఇంకో పదకొండేళ్లు పట్టేది. కార్డు చేతిసంచిలో పెట్టుకుని వచ్చేసింది.

ఇంట్లో అత్తగారు అదే కుర్చీలో, అదే గోడ ఎదురుగా ఉంది. ఆమె చెప్పులు విడిచేదాకా ఆగి అడిగింది.

"చదివావా వాడికి?"

"చదివాను."

"ఆఖరిది కూడా?"

ఆఖరిది ఎందుకు వదిలేసిందో కోడలు దారంతా ఆలోచించింది, తేలలేదు. పది అన్న మాట ఆయనకు అందకూడదన్న కడుపుమంటా? ఇంకోటి పంపమని ఎవరో అడిగితే ఆ మనిషి పెట్టుడు పళ్లు తీసి అద్దం ముందు నిలబడతాడన్న భయమా? రెండూ ఒకే చోట ముడిపడి ఉన్నాయి, ఏ కొస లాగినా రెండోది బిగుస్తోంది.

"లేదు" అంది చివరికి.

అత్తగారు చాలాసేపు కోడలి మొహం చూసింది. తప్పు పట్టుకోవడానికి చూసే చూపు కాదది. అది ఎలా ఉంటుందో కోడలికి బాగా తెలుసు.

"వాడు చిన్నప్పుడు ఇంట్లో ఈల వేస్తే నెత్తిన మొట్టేదాన్ని" అంది. "లైన్లో ఈలలు విని విని నా చెవులు అప్పటికే చిల్లులు పడేవి." చెయ్యి చాపింది. "ఇలా ఇయ్యి."

కార్డు అందుకుని, ఇంకోసారి చదవకుండానే అడ్డంగా చింపింది. రెండు ముక్కలూ కలిపి మళ్లీ చింపింది. ముక్కలు కోడలి చేతిలో పెట్టి, "పొయ్యిలో వెయ్యి. చెత్తబుట్టలో వేస్తే వాడు అతికించి చదువుతాడు" అంది.

ఆమె పొయ్యి వెలిగించింది. వెనక నుంచి గొంతు మామూలుగా అయిపోయి వచ్చింది.

"గేటు వేసొచ్చావా?"

"వేశాను."

"వేశావో, వేశాననుకున్నావో" అంటూ అత్తగారు కుర్చీలోంచి లేచి, తనే చూసి రావడానికి వెళ్లింది.